ఫిల్మ్ నగర్‌లో ప్రారంభమైన జిల్లా విమానాశ్రయం

జూబ్లీహిల్స్ వాస్తవ్యులు శ్రీ కమలాకర్ గారు విమానాశ్రయాల ప్రణాళిక, అభివృద్ధి రంగానికి చేసిన సేవ ఇంతా అంతా కాదు. ఆయన ప్లాను గీసిన ఏ విమానాశ్రయంలోనూ నేటివరకు ఒక్క ప్రమాదం జరగలేదు. ఒక్క విమానం కూడా దిగలేదనుకోండి, అది వేరే సంగతి. ప్రతి శంకుస్థాపనకూ ఆయనకొక ప్రమోషన్ దక్కింది. రన్‌వే మాత్రం ఎప్పుడూ రెండో దశలో ఉండేది.

ఈ విద్య ఆయనకు వాకింగులో అబ్బింది. పొద్దున్నే ఫిల్మ్ నగర్ వైపు వెళ్లి సెట్లు వేసేవాళ్లను చూసేవారు. రాజమహలైనా సరే, వాళ్లు కెమెరాకు కనబడినంత మేరే కట్టి, వెనక కర్రలు దన్ను పెడతారు. ఇంత పొదుపు మా ఇంజనీర్లకు ఎందుకు తట్టదో అని ఆయన మనస్ఫూర్తిగా బాధపడేవారు.

ఇంతలో వ్యవహారం పీకలమీదికొచ్చింది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి కనక ఒక మారుమూల జిల్లా విమానాశ్రయాన్ని వెంటనే ప్రారంభించి తీరాలన్నారు మంత్రిగారు. సవ్యంగా జరిగితే కమలాకర్ గారికి తాను పనిచేసే విమానాశ్రయాల కంపెనీలో సీఈవో కుర్చీ, లేదంటే ఇంటిదారి. అక్కడేమో ప్రహరీగోడా, దాని నీడన మేకలూ తప్ప ఏమీ లేవు. పైగా ఆ ఊరికి విమానం లేదు కనక మంత్రిగారు అంతదూరం వెళ్లలేరు. అందుచేత ప్రజాసౌకర్యార్థం ప్రారంభోత్సవం ఫిల్మ్ నగర్‌లోనే జరపాలని తీర్మానమైంది.

పని సెట్ల మేస్త్రీ నర్సింహకు అప్పగించారు.

"విమానం మొత్తం కావాల్నా సార్, ఒక్క సైడు చాలా?" అని అడిగాడు నర్సింహ.

"మంత్రిగారు నిలబడే వైపు చాలయ్యా," అన్నారు కమలాకర్ గారు.

"ఇగ ఫికర్ చెయ్యకుండ్రి. గుమ్మడికాయ కొట్టెదాంక గింత గూడ కదలదు."

ఆ రోజు రానే వచ్చింది. యూసుఫ్‌గూడ జూనియర్ ఆర్టిస్టులు సూట్‌కేసులు పట్టుకుని ప్రయాణికులయ్యారు. జిల్లా ప్రజలను బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. మంత్రిగారు ప్లైవుడ్ విమానం మెట్లెక్కి చెయ్యూపి, మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! నేటినుంచి మీ జిల్లాకూ ఆకాశానికీ మధ్య అడ్డేమీ లేదు!"

చప్పట్లు మిన్నంటాయి. కంపెనీ చైర్మన్ గారు సంబరం పట్టలేక, ఇంత వైభవానికి దిష్టి తగలకూడదని విమానం ముందు గుమ్మడికాయ కొట్టించారు.

సినిమావాళ్లకు గుమ్మడికాయ కొట్టారంటే షూటింగు అయిపోయినట్టు. నర్సింహ మనుషులు మారుమాట లేకుండా సుత్తులు తీశారు. చూస్తుండగానే రెక్క ఊడింది. తోకను ఇద్దరు మోసుకుపోయారు. ప్రయాణికులు సూట్‌కేసులు అప్పగించి భోజనాల దగ్గర వరస కట్టారు. కమలాకర్ గారికి, భార్య నాగేశ్వరి అప్పటికే కాలనీ అంతా చెప్పేసిన సీఈవో కుర్చీ కూడా ఆ రెక్కతోపాటే పోయిందనుకుని నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే మైకు లాక్కున్నారు.

"మహాజనులారా! ప్రయాణికుల భద్రతే మా ధ్యేయం. ఎగరకముందే విమానాన్ని పూర్తిగా విప్పి తనిఖీ చేసే ఏకైక విమానాశ్రయం మీదే!"

జనం లేచి నిలబడి ఈలలు వేశారు. మంత్రిగారు కళ్లొత్తుకున్నారు. కమలాకర్ గారు ఆ సాయంత్రమే సీఈవో అయ్యారు.

అయినా ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఎవరైనా వచ్చి విమానమేదని అడిగితే ఏం చెప్పాలి? అనుకున్నంతా అయింది. పక్క జిల్లా పెద్దమనుషులు ఊరేగింపుగా ఇంటికే వచ్చారు. గుండె చిక్కబట్టుకుని ఎదురెళ్లారు కమలాకర్ గారు.

"మేమేం పాపం చేశామండీ? వాళ్లకిచ్చి మాకు ఎగ్గొడతారా?" అని నిలదీశారు వాళ్లు. "మాకూ అచ్చం అలాంటి ఎయిర్‌పోర్టే కావాలి. కాకపోతే ఈసారి ఏసీ బస్సులు పెట్టించండి. ఫిల్మ్ నగర్‌దాకా రావాలంటే నడుములు పోతున్నాయండీ!"