వెనక్కి తిరిగిన హెడ్‌రెస్ట్

“రాసిపెట్టుకో ప్రేమలతా. పది నెలల సంది నేను ఎదురుచూసే నేరం ఇయ్యాల నన్ను దేవులాడుకుంట మన ఇంటికే వచ్చింది. నా అసుంటి మెదడు ఉన్న ఇంట్ల చెయ్యివెట్టినోడు ఎవడోగని, వాని జాతకం బాగలేదు.”

మంగళవారం పొద్దున ఏడున్నరకు భద్రకాళి బండ్ మీద వాకింగ్ ముగించుకుని వచ్చిన మల్లికార్జున్, వంటింటి గుమ్మంలో నిలబడి ఈ ప్రకటన చేశాడు. ప్రేమలత ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు కప్పిన శాలువా మడత పెట్టకముందే ఆయన ఫోన్లో పద్నాలుగు రోజుల డిటెక్టివ్ కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏదీ పోవడం లేదు, అన్నీ ‘అదృశ్యం’ అవుతున్నాయి. కుక్కర్ విజిల్ అదృశ్యమైనప్పుడు ఎదురింటి సమ్మమ్మను నలభై నిమిషాలు ప్రశ్నించాడు. విజిల్ సింకు కింద దొరికింది. సమ్మమ్మ మాత్రం ఇప్పటికీ వీళ్ల గేటు ముందునుంచి వెళ్లేటప్పుడు మొహం అటు తిప్పుకునే వెళ్తుంది.

ఈసారి ఏం పోయిందని ప్రేమలత అడిగింది.

“పోలేదు. అదే భయంకరం,” అన్నాడాయన గొంతు తగ్గించి. “కారుల కండ్లద్దాలు మర్చిపోయిన అని పోయి చూస్తే, డ్రైవర్ సీటు హెడ్‌రెస్ట్ ఎనుకకు తిరిగి ఉన్నది. నిన్న మాపటికి నేను లాక్ జేసినప్పుడు సక్కగనే ఉండె.”

ప్రేమలత చేతిలో కత్తి ఆగింది. ఎందుకంటే దాన్ని తిప్పి మర్చిపోయింది తనే.

ఆమె రఘునాథపల్లి అవతల ఒక ఊళ్లో టీచరు. హైదరాబాద్ బస్సు రోడ్డు మీద దింపేస్తే అక్కణ్నుంచి ఆటో నిండేదాకా నిలబడాలి. ఆటో నిండేసరికి బడిలో ప్రార్థన అయిపోతుంది, హెడ్‌మాస్టరు గడియారం చూస్తూ వరండాలో ఉంటాడు. ఇంటి ముందు కారు ఊరికే ఎండకు మాడుతుంటే ఈ తిప్పలు ఎందుకని, ఆర్నెల్ల కిందట ఎవరికీ చెప్పకుండా లెర్నింగ్ లైసెన్స్ తీసుకుంది. మొగుణ్ని నేర్పమని అడగలేదు. పెళ్లైన కొత్తలో ఆయన స్కూటర్ నేర్పాడు. నేర్పాడంటే, వెనక కూర్చుని క్లచ్చు, బ్రేకు, ఆవు, గుంత, అని ఊపిరి తీసుకోకుండా అరిచాడు. ఆమె నక్కలగుట్ట దగ్గర బండి ఆపి, స్టాండు వేసి, ఆయన్ని దానిమీదే ఉంచి నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

అందుకే ఆయన వాకింగ్‌కు వెళ్లే ఆ గంటన్నరలో ఇమాం పాషా దగ్గర నేర్చుకుంటోంది. పాషా దూరప్రయాణాలకు వీళ్ల కారు నడిపే డ్రైవరు. హంటర్ రోడ్డు అవతల ప్లాట్లు చేసి వదిలేసిన ఖాళీ జాగాలో మొదటి రోజు సీట్లో కూర్చోగానే ఆమెకు తెలిసింది, ఆ హెడ్‌రెస్ట్ చేసినవాడు జన్మలో కొప్పున్న ఆడదాన్ని చూడలేదని. అది కొప్పును ముందుకు నెట్టింది. కొప్పు తలను నెట్టింది. గడ్డం పోయి గుండెకు ఆనింది. ఇక రోడ్డు కనిపించదు, ఒళ్లో చీర కుచ్చిళ్లు కనిపిస్తాయి. పాషా దాన్ని ఊడబీకి వెనక్కి తిప్పి పెట్టాడు. ఇట్ల తిప్పుడు మంచిది కాదంటరు మేడం, జాగల నేర్సుకునే దాక నడుస్తదని చెప్పాడు. రోజూ తిరిగొచ్చాక సరిచేసేవాళ్లు. ఈ రోజు పాలవాడు పిలిచాడు, మర్చిపోయింది.

టెస్టు గురువారం. లెర్నింగ్ లైసెన్స్ గడువు శనివారంతో సరి. ఈ రెండు రోజుల్లో ఆయనకు తెలిసిందంటే పాషాను పక్కకు జరిపి తనే కూర్చుంటాడు. ఆమె ఉల్లిపాయలు తరగడం మళ్లీ మొదలుపెట్టింది.

పదిహేను నిమిషాల్లో మల్లికార్జున్ షేవింగ్ బ్రష్షుతో సీటు మీద పౌడర్ చల్లి, భూతద్దంతో మూడు ఆధారాలు సంపాదించాడు. ఒక పొడుగు వెంట్రుక, ఒక తలపిన్ను, కొబ్బరినూనె మరక. ఉప్మా తింటూ వాటిని విశ్లేషించాడు. నేరస్థుడు జుట్టు పెంచిన మగవాడు. పోలీసుల కళ్లు కప్పడానికి ఆడవేషం వేస్తాడు. ఎత్తు అయిదడుగుల పదకొండు. అనుమానితుల పట్టికలో సమ్మమ్మ, పేపరతను, ఇస్త్రీ బండి కట్టమ్మ, ఇమాం పాషా ఉన్నారు.

ఉండబట్టలేక ప్రేమలత అడిగింది. “నా పేరు లేదేంది మరి?”

ఆయన చెంచా కింద పెట్టి ఆప్యాయంగా నవ్వాడు. “నువ్వా? సీటుబెల్టు నేను పెడ్తె గద నువ్వు పెట్టుకునేది. నువ్వు పిచ్చిదానివి ప్రేమా, నీకు ఈ లోకం తెల్వది.”

బతికిపోయానని సంతోషించాల్సింది. కానీ ఆ మాట బస్సులో స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఆమె చెవిలో గీపెడుతూనే ఉంది. దొంగగా అనుమానించడానికి కూడా పనికిరాననుకున్నాడు.

బుధవారం ఆయన దర్యాప్తును హనుమకొండ కార్ల అడ్డాకు విస్తరించాడు. అక్కడ చూసిన దృశ్యానికి ఒళ్లు జలదరించిందని సాయంత్రం ఆమెకు చెప్పాడు. పదకొండు కార్లుంటే ఒక్కదానిలోనూ హెడ్‌రెస్ట్ ఉండాల్సినట్టు లేదు. కొన్ని వెనక్కి తిరిగి ఉన్నాయి. కొన్ని ఊడబీకి డిక్కీలో పడేసి ఉన్నాయి. ఒకాయన నడుముకూ సీటుకూ మధ్య పిల్లల దిండు పెట్టుకున్నాడు, మెడ వెనక సందు రావడానికట. ఇంకొకాయన తువ్వాలును చపాతీలా చుట్టి మెడ కింద కట్టుకున్నాడు. అడ్డాలో పెద్దవాడైన ఉప్పలయ్య అయితే సీటునే పడక కుర్చీలా వెనక్కి వాల్చి, స్టీరింగును వేళ్ల కొసలతో అందుకుంటున్నాడు.

ఎందుకిలా అని అడిగితే ఉప్పలయ్య దాచకుండా చెప్పాడు. “సారూ, కంపెనోడు ఎవని తల కొల్చిండో ఏమో. తల పెట్టుకోనీకె ఇచ్చిండా అంటే, ఇది మెడవట్టి బయటికి గెంటుతది. మేడారం పోయి వస్తే నాల్గు రోజులు నేలకే చూసుకుంట తిరుగుడు. మా ఇంటిదైతే నేనేదో తప్పు జేసి తల దించుకున్న అనుకున్నది.”

మిగతా పదిమందీ అదే చెప్పారు. అక్కడే దొరికిపోయారంటాడు మల్లికార్జున్. పదకొండు మంది ఒకే మాట చెప్పారంటే ముందే ఎవరో కూర్చోబెట్టి నేర్పారు. హెడ్‌రెస్ట్ వెనక్కి తిరిగితే ‘సరుకు వచ్చింది’, ఊడితే ‘పోలీసులున్నారు’, తువ్వాలు కడితే ‘రేపు రా’. ఇది వరంగల్ నుంచి దుబాయి దాకా పాకిన ముఠా. ఈ తీగ ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది.

ఆ సాయంత్రమే ఇమాం పాషాను పిలిపించి హాల్లో కూర్చోబెట్టాడు. టేబుల్ లైటు మొహం మీదికి తిప్పాడు. ప్రేమలత చాయ్ పట్టుకుని తలుపు చాటునే ఆగిపోయింది.

“హెడ్‌రెస్ట్ తిప్పింది నువ్వేనా?”

“నేనే సార్.”

“ఎందుకు?”

“మెడ నొచ్చింది సార్.”

“ఈ నెలల మనం యాడికీ పోలేదు. మంగళవారం నా కారుల నీ మెడ ఎట్ల నొచ్చింది?”

పాషా తలుపు వైపు చూశాడు. సార్‌కు చెప్పనని మేడంకు ఆర్నెల్ల కిందట మాటిచ్చాడు. లైటు వేడికి నుదుటి మీద పట్టిన చెమట తుడుచుకుని, మెడ నొచ్చిందనే మళ్లీ చెప్పాడు. ఎనిమిదేళ్లు ఇంటి మనిషిలా తిరిగినవాణ్ని రేపటినుంచి రావద్దని మల్లికార్జున్ చెప్పేశాడు. పాషా లేచి, లైటును మళ్లీ టేబుల్ వైపు తిప్పిపెట్టి బయటికి నడిచాడు.

ప్రేమలత చెత్తబుట్ట వంకతో గేటు దగ్గర అతన్ని అందుకుంది. ఇప్పుడే లోపలికి పోయి మొత్తం చెప్పేస్తానంది.

“వద్దు మేడం,” అన్నాడు పాషా. “ఇప్పుడు చెప్తే సార్ రేపు మీ పక్కన కూసుంటడు, మీరు నక్కలగుట్టల దిగిపోతరు. ముందుగాల పాసు గాండ్రి. నా ఇజ్జత్ రేపు పగటీలి దాక ఆగుతది.”

రేపు ఇంటికి రాగానే చెప్తాను, పాసైనా ఫెయిలైనా చెప్తానని ఆమె మాటిచ్చింది.

గురువారం పొద్దున అదృష్టం దానంతటదే వచ్చినట్టనిపించింది. మల్లికార్జున్ గేటు ముందు నిలబడి, వీధి చివరి దాకా వినిపించేలా, తాను దోస్తులతో బస్సులో పాలంపేటకు వెళ్తున్నాననీ, రామప్ప గుడి చూసి చీకటి పడ్డాకే వస్తాననీ, కారు ఇంటిదగ్గర ఒంటరిగా ఉంటుందనీ చెప్పి వెళ్లాడు. కారు సంగతి వీధికి ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు. తొమ్మిదిన్నరకు పాషా వచ్చాడు. బడికి సెలవు పెట్టిన ఆమె గట్టిగా కొప్పు చుట్టి, హెడ్‌రెస్ట్ తిప్పి, స్టార్ట్ చేసింది.

దారిలో వెనకనుంచి ఏదో గరగరమని చప్పుడు. వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట ఎప్పుడూ ఉండే కారు కవరు ముద్ద తప్ప ఏమీ లేదు. పాషా చెవి పెట్టి విన్నాడు. ఏసీ బెల్టు అరిగింది మేడం, టెస్టు అయినంక మెకానిక్‌కు చూపిద్దామన్నాడు.

టెస్టు ట్రాక్ దగ్గర పాషా దిగిపోయాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో పలకలాంటిది పట్టుకుని గట్టున నిలబడ్డాడు. ఎనిమిది ఆకారం సాఫీగా అయింది. తర్వాత రివర్స్. తెల్లగీత తొక్కకూడదు, మధ్యలో ఆగకూడదు. ఆమె రివర్స్ గేరు వేయగానే కారు బీప్ బీప్ అనడం మొదలుపెట్టింది. ఏసీ బెల్టు చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

వెనక అద్దంలో వెండిరంగు ముద్ద ఒకటి నెమ్మదిగా పైకి లేచింది.

“దొరికినవ్. చేతులు పైకెత్తు,” అంది ఆ ముద్ద.

ప్రేమలత కాలు బ్రేకు మీదికి పోబోయింది. ఆగితే పోయినట్టే, ఇక శనివారం తర్వాత మొత్తం మొదటికొస్తుంది. ఆమె చేతులు పైకెత్తలేదు. కవరు లోపలి మనిషి చాలాసేపు పెనుగులాడి తల బయటికి తీశాడు. వెనక్కి తిరిగిన హెడ్‌రెస్ట్, దాని పైన రోజూ ఇంట్లో చూసే కొప్పు కనిపించాయి ఆయనకు.

“ప్రేమా,” అన్నాడు మల్లికార్జున్. “నిన్ను ఎత్కపోతాండ్రా? నీతోని కారు ఎవడు నడిపిస్తాండు? భయపడకు, నేనున్న.”

“నేనే నడుపుతాన. జర తల కిందికి వంచుండ్రి, ఎనుక గీత కనపడ్తలేదు.”

ఆయన వంచాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఎందుకని అడక్కుండా చేసిన మొదటి పని అదే కావచ్చు. కారు రెండు తెల్లగీతల మధ్యనుంచి వెనక్కి జారి, పసుపు గుర్తు మీద నిలబడింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి అద్దంలోంచి తొంగిచూసి వెనక ఎవరని అడిగాడు. మా సారని చెప్పింది. ఆయన పలక మీద ఏదో నొక్కి, గట్టున లైన్లో ఉన్న కుర్రాళ్లను గదమాయించాడు. “సూసిండ్రా, ఎనుకనుంచి మొగడు లేచి మొత్తుకున్నా మేడం గీత తొక్కలే. మీరు ఫోన్ మోగితేనే ఫుట్‌పాత్ ఎక్కిస్తరు.”

పాసైంది. చెట్టు కింద ముగ్గురూ నిలబడ్డారు. ప్రేమలత హంటర్ రోడ్డు జాగా నుంచి కొప్పు దాకా దాచకుండా చెప్పింది. మల్లికార్జున్ గొంతు సవరించుకుని, కేసు తాను అనుకున్న ప్రకారమే ఛేదించబడిందనీ, పాలంపేట మాట దొంగకు వేసిన ఎర అనీ, కవరులో నిద్రపోవడం కూడా నేరస్థుల్ని ఏమరపాటులో ఉంచే పద్ధతి అనీ మొదలుపెట్టాడు.

“అది తర్వాత. పాషాకు ఏం చెప్తరో చెప్పుండ్రి,” అంది.

ఆయన చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. “పాషా, గలతీ అయింది. రేపటిసంది… రేపటిసంది ఏంది, ఇప్పటిసందే రా.”

“నేను యాడికి పోయిన సార్,” అన్నాడు పాషా. “మేడం బడి తొవ్వ హైవే గద, ఇంకో నెల నేను పక్కన కూసుంట.”

ఇంటికి ప్రేమలతే నడిపింది. మల్లికార్జున్ ముందు సీట్లో, పాషా వెనక. చౌరస్తా రాకముందే ఆయన క్లచ్చు గురించి ఏదో చెప్పడానికి వెనక్కి ఆనుకున్నాడు. ఆ సీటు హెడ్‌రెస్ట్ ఎవరూ తిప్పింది కాదు. అది మెడను ముందుకు నెట్టేసరికి గడ్డం గుండెకు ఆనింది, క్లచ్చు మాట గొంతులోనే ఉండిపోయింది. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన వాకింగ్ దోస్తు పాండురంగం ఈ కార్లోకి చూసి, స్టీరింగ్ వెనక భార్యను, పక్కన తలొంచుకున్న భర్తను గమనించి, మర్యాదగా మొహం తిప్పుకున్నాడు.

పాషా వెనకనుంచి ముందుకు వంగాడు. “సార్‌కు మెడ నొస్తున్నట్టున్నది మేడం. జర తిప్పి పెట్టాల్నా?”

ప్రేమలత గేరు మార్చింది.

“ఉండనియ్యి పాషా. ఇంటిదాక అట్లనే ఉండనియ్యి.”