శాస్త్రిగారి టోపీ

జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో ఒక శనివారం పొద్దున లలితకీ, ఆమె భర్త ఉమాకాంత్‌కీ ఒక టోపీ గురించి తగువైంది. ఆ టోపీ ఇంట్లో ఎవరిదీ కాదు. నూటయాభై ఏళ్ళ కిందట పుట్టిన లలిత ముత్తాత, పేరి గవర్రాజు శాస్త్రిగారి ఫోటోలో ఆయన తలమీద ఉంది. కుచ్చు వేలాడే పొడుగాటి టర్కీ టోపీ.

"ఒక్క నిమిషం పని. టోపీ తీసేసి పిలక పెడతాను," అన్నాడు ఉమాకాంత్.

"పిలక ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"యాప్‌లో ఉన్నాయి. మూడు మోడల్స్."

తగువు చిన్నదే గానీ దాని వెనక తెలుగు సంఘం ఉంది. ఉమాకాంత్ దానికి సాంస్కృతిక కార్యదర్శి. ఏటా ఒక మహనీయుడికి జయంతి జరపడం సంఘం ఆనవాయితీ. ఈసారి మహనీయుడు సొంత ఇంట్లోనే దొరికాడు. ఆర్నెల్లు ఉందామని బందరు నుంచి వచ్చిన మామగారు, అంటే లలిత తండ్రి వెంకట రమణ, ఆ ఫోటోని పెట్టెలో పెట్టడానికి మనసొప్పక విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. తాతగారికి ఒక్క సభ జరగాలని ఆయన జీవితకాలపు కోరిక. శాస్త్రిగారు ఎందులో మహనీయుడో అడగాలని మాత్రం, హాలు బుక్ చేసేదాకా ఎవరికీ తోచలేదు.

తీరా చూస్తే ఇస్లాంలో.

తెల్లదొరల కాలంలో శాస్త్రిగారు బందరులో ఒక మౌల్వీగారి అరుగుమీద కూర్చుని అరబ్బీ నేర్చారు. ముస్లింల వారసత్వ ధర్మం మీద సగం ఆయుష్షు పోసి పెద్ద గ్రంథం రాశారు. అది పూర్తయిన రోజున మౌల్వీగారు మురిసిపోయి తన టోపీ తీసి శిష్యుడి తలమీద పెట్టారు. ఫోటో ఆనాటిది. ఆ గ్రంథాన్ని కలెక్టరు దొర తన పేరుతో అచ్చేయించుకుని, ముందుమాటలో 'పేరు గుర్తుకురాని ఒక స్థానిక సహాయకుడికి' కృతజ్ఞతలు చెప్పే ఔదార్యం చూపాడు. ఇంత తెలిసినవాడు ఇంకా మతం మారడేమని ఊళ్ళో ముస్లింలు విస్తుపోయారు. సొంత అగ్రహారం అంత దూరం ఆలోచించలేదు; భోజనాల పంక్తిలోంచి లేపేసింది. ఈ విధంగా సకల వర్గాల ఆదరణా సమానంగా పొంది శాస్త్రిగారు కీర్తిశేషులయ్యారు.

సంఘాధ్యక్షుడు జితేందర్ ఫోన్ చేశాడు. "అన్నా, స్టేజి మీద ఇస్లాం అంటే స్పాన్సర్లు ఫీలైతరు. జర మార్చు."

ఉమాకాంత్ జర మార్చాడు. బుధవారం 'ఇస్లాం పండితుడు' కాస్తా 'మత పండితుడు' అయ్యారు. గురువారం 'బహుభాషా కోవిదుడు'. శుక్రవారానికి సంపూర్ణంగా 'సంస్కృత పండితుడు' అయిపోయి, శనివారం టోపీ దగ్గర ఆగారు.

అదే వారంలో కూతురు అలేఖ్య కాలేజీ అప్లికేషన్ కోసం తాతకి తాత గురించి ఎస్సే రాసింది. హిందూ ఇంట్లో ఇస్లాం పండితుడా, ఇలాంటి పూర్వీకుడు లక్షమందిలో ఒకరికి కూడా ఉండడని కన్సల్టెంట్ పొంగిపోయాడు. ఉమాకాంత్ కూతురి పక్కన కూర్చుని, అందులో టోపీ గురించి ఒక పేరా అదనంగా రాయించాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను గొంతు సవరించుకున్నాడు.

"డిసైడ్ చేశాను. సంఘానికి సంస్కృతం. కాలేజీకి ఇస్లాం."

"బట్ డాడీ, ఆయన ఒక్కరే కదా?" అంది అలేఖ్య.

"కాలేజీవాళ్ళు సభకి రారు. మనవాళ్ళు ఎస్సే చదవరు. ప్రాబ్లమ్ ఎక్కడుంది?"

వెంకట రమణగారు కంచంలోంచి తలెత్తలేదు. "బాగుంది అల్లుడుగారూ. అగ్రహారం వాళ్ళూ మా తాతగారిని ఇదే అడిగారట. అరబ్బీ మానెయ్, వచ్చి పంక్తిలో కూర్చో అని. బతికుండగా ఒప్పుకోలేదు. ఇప్పుడేముంది, ఒప్పుకుంటారు."

"చూశావా, మామయ్యగారే ఓకే అన్నారు," అన్నాడు ఉమాకాంత్, అప్పడం విరుస్తూ.

లలిత లేచింది. గోడకి ఆనించి ఉన్న ఫోటోని తెచ్చి ఖాళీ కుర్చీలో నిలబెట్టింది. ముందు కంచం పెట్టి, పప్పు వడ్డించి, నెయ్యి వేసింది.

"రేపు ఈయన సభకి రావడం లేదు. ఇక్కడే భోంచేస్తారు. నాన్నా నేనూ ఇద్దరం ఈయన పంక్తిలోనే."

ఉమాకాంత్ నిజంగా కంగారుపడ్డాడు. "మరి స్టేజి మీద ఎవరి ఫోటో పెట్టను?"

"పిలక ఉన్నవాళ్ళెవరైనా ఫరవాలేదు," అంది లలిత. "దండ పడ్డాక మొహం ఎవరు చూస్తారు?"