అన్నిటికన్నా చప్పటి సీజను

ముందుగానే మన్నించమని అడుగుతున్నాను. మా ఆయన పోయాకే నేను అక్షరాలు దిద్దుకున్నాను. నా ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందకు పోయి కూర్చుంటాయి. రాయడం నత్తనడక. మీరు ఒక్క గుక్కలో చదివేసే ఈ కథ రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది. నిదానంగా రాశాను కాబట్టి చూసిందేదీ, చూసినవాళ్ల నోట విన్నదేదీ వదిలిపెట్టలేదని మాత్రం చెప్పగలను.

ఆ ఆదివారం పొద్దున కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. నాటకశాలకు వెళ్లాలి, చర్చ జరిపించాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఈ సంగతేదీ అత్తగారి చెవిన పడకూడదు. మొదటివన్నీ ఎవరైనా చేయగలరు. చివరిది దేవుడి వల్ల కూడా అయ్యే పని కాదు.

ఆయన కార్యదర్శిగా ఉన్నది సంగీత నాటకాలు ఆడే పెద్ద శాలకు. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తులో కప్పు, దాని నిండా బంగారు రంగు లతలు, కింద బారులు తీరిన ఎర్ర కుర్చీలు. లోపల అడుగు పెడితే ఎంతటి వాగుడుకాయైనా గొంతు తగ్గించేవాడు. ఈమధ్య ఆ కుర్చీల్లో దుమ్ము తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. జనాన్ని రప్పించడానికి కార్యదర్శి బాగా ఆలోచించి ఒక చర్చ పెట్టాడు. "సంగీత నాటక చరిత్రలో అన్నిటికన్నా చప్పటి సీజను ఏది?" సీజనంటే ఒక ఏడు ఆడిన నాటకాల వరస. పొగడటానికి పిలిస్తే ఎవరూ రారు గానీ తిట్టడానికి పిలిస్తే సద్ది కట్టుకుని మరీ వస్తారని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు.

చిక్కు వేరే చోట ఉంది. ఆ చరిత్రలో ఒక సీజను ఆయన అత్తగారిది. వయసులో ఉండగా ఒక నాటకానికి ఆవిడ సంగీతం కట్టింది. వారం తిరక్కుండానే జనం నవ్వి నవ్వి దాన్ని మూయించారు. ఆ రోజునుంచి ఆవిడ పియానో ముట్టలేదు, నాటకశాల గుమ్మం తొక్కలేదు. సొంత పియానోను కూడా అక్కడే వదిలేసి వచ్చింది. ఇంట్లో ఆ సీజనుకు పేరు లేదు. తప్పనిసరైతే "ఆ ఏడు" అంటారు, అది కూడా తలుపు వేసుకుని.

కార్యదర్శికి అత్తగారంటే భయమే. కానీ ఒట్టి భయం కాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి వంటగది గుమ్మం దగ్గర ఆయన ఒక కూనిరాగం విన్నాడు. ఆవిడ చిక్కుళ్లు వలుస్తూ తనకు తెలియకుండానే తీస్తున్న రాగం. ఆయన నిలబడ్డ చోటే నిలబడిపోయాడు. ఒంట్లో రోమాలు లేచాయి. ఆవిడ చూసి ఠక్కున ఆపేసింది. మళ్లీ ఎన్నడూ వినబడలేదు. ఆ మనిషి మనసు రెండోసారి విరిగితే, అదీ తన చేతుల మీదుగా విరిగితే, తను ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరగలేడని ఆయనకు తెలుసు.

"సెలవు రోజున ఎక్కడికండీ అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"నాటకశాలలో పురుగుల మందు కొట్టిస్తున్నాం అత్తయ్యా. బొద్దింకలు పడ్డాయి. ఘాటు పోయేదాకా ఎవరూ అటు పోకూడదట."

భార్య ఆయన్ని కిందనుంచి మీదదాకా చూసింది. "బొద్దింకల కోసం ఇస్త్రీ చొక్కానా?"

"పెద్ద బొద్దింకలే," అని చెప్పులేసుకుని బయటపడ్డాడు.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ బాగా అతికింది. అదే కొంప ముంచింది. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, అత్తగారి గుండెలో రాయి పడింది. మందు కొడితే పియానోలోకి దిగదూ? లోపల మెత్తటి ఉన్ని ఉంటుంది, తీగలుంటాయి. అంతా తడిసి నాశనమైపోదూ? గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి తన మంచం మీది దుప్పటి లాగి చంకన పెట్టుకుని నాటకశాల వెనక వాకిలికేసి నడిచింది.

ఇక్కడ కార్యదర్శి మాట్లాడబోయేవాళ్లను ఒక్కొక్కరినే స్తంభం చాటుకు లాగుతున్నాడు. ముందు విమర్శకుడు.

"మాస్టారూ, ఎవర్నైనా తిట్టండి, ఎంతైనా తిట్టండి. ఆ ఏడు మాత్రం ఎత్తకండి."

"ఎత్తనయ్యా. ఎత్తకుండానే చెబుతాను."

ఆ మాటలోని ప్రమాదం కార్యదర్శి బుర్రకు ఎక్కలేదు. తర్వాత ప్రాంప్టర్ మామ. నటులు మాట మరిచిపోతే తెర పక్కనుంచి అందించడమే జీవితమంతా ఆయన పని. "నాకెందుకురా చెబుతావు? ఆ ఏడు సంగతి నాకన్నా ఎవరికి బాగా తెలుసు?" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

చివరగా టికెట్లక్క. ఆ ఏడు నాయిక ఈవిడే. నాటకం మూతపడ్డాక పాట మానేసి టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. "చిల్లర లేదు" అనడానికి తప్ప ఆ గొంతు ఎవరూ వినలేదు. ఇవాళ మాట్లాడమంటే సరేనంది.

"నేనెందుకు ఎత్తుతాను బాబూ? దాన్ని మింగేసి చాలా కాలమైంది," అంది.

చర్చ మొదలైంది. శాల కిటకిటలాడిపోతోంది. విమర్శకుడు లేచి గొంతు సవరించుకున్నాడు. ఒక కంపెనీవాళ్లు ముచ్చటపడి రెండు గుర్రాలు కొన్నారట. కొన్నందుకు ఆ సీజను పొడుగునా ప్రతి నాటకంలోనూ వాటిని దించారట, పడవలో జరిగే నాటకంతో సహా. జనం విరగబడి నవ్వారు. "చరిత్రలో ఇంతకన్నా చప్పటి సీజను లేదు," అని ఆగి, కార్యదర్శి వైపు ఒకసారి చూసి, "మనం ఇక్కడ ఎత్తకూడని ఆ ఒక్కటి తప్ప," అన్నాడు.

హాల్లో చిన్న కదలిక.

ప్రాంప్టర్ మామ లేచాడు. ఒక యజమాని గొంతు పోయిన తన తమ్ముణ్ని సీజనంతా నాయకుడిగా నిలబెట్టాడని, అతను పెదవులు ఆడిస్తుంటే తనే తెర పక్కనుంచి పాడానని, చివరికి జనం నాయకుణ్ని వదిలేసి తెర పక్కకు తిరిగి చప్పట్లు కొట్టారని చెప్పాడు. "దీన్ని మించింది లేదు. అంటే, ఆ ఒక్కదాన్ని పక్కన పెడితే."

టికెట్లక్క లేచింది. బట్టల కొట్టువాడు పెళ్లి దుస్తులే పంపాడని ఏడుపు నాటకాలు కూడా పెళ్లితో ముగించిన సీజను గురించి చెప్పింది. ఆ ఒక్కదాని మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తకుండానే కళ్లొత్తుకుని కూర్చుంది. అంతే, అగ్గికి ఆజ్యం పోసినట్టయింది.

"ఆ ఒక్కటి ఏదీ?" అని ఎవరో అరిచారు.

ముందు వరసలో వారానికే మూతపడిందన్నారు. ఆ పుకారు మధ్య వరసలకు వచ్చేసరికి కప్పు కూలింది. బాల్కనీ చేరేసరికి నాయకుడు ఇంకా దొరకలేదు. "చెప్పాలి! చెప్పాలి!" అని జనం కాళ్లతో నేల దడదడలాడించారు. కార్యదర్శి వేదికెక్కాడు. మైకు లాక్కున్నాడు.

"అలాంటి సీజను ఏదీ లేదు! వినండి! అసలు అది జరగనే లేదు!"

వెనక తెర కదిలింది. రెండుగా విడిపోయింది. మధ్యలోంచి అత్తగారు బయటికి వచ్చింది, చంకలో దుప్పటితో.

"అల్లుడుగారూ," అంది, "మీరు చెప్పినదానికన్నా పెద్దవే ఉన్నాయండీ బొద్దింకలు."

కార్యదర్శి ఆవిడకు అడ్డం వెళ్లాడు. "అత్తయ్యా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఇన్నేళ్లూ ఏం మాట్లాడుకున్నాం?" ఆవిడ గొంతు పెద్దది కాదు గానీ ఆ శాల కట్టుబడి గొప్పది, చివరి కుర్చీదాకా మోసుకుపోయింది. "చప్పగా ఉందంటే ఒప్పుకుంటాను. నాసిరకం అంటే తల వంచుకుంటాను. జరగనే లేదంటే ఎలాగండీ? మీ ఆవిడకు అప్పుడు నెలల వయసు. దాన్ని ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో కట్టుకున్నానే ఆ పాటలు! తెర వెనకే నిలబడి ఎదురు చూశాను, కనీసం తిట్టడానికైనా ఎవరో ఒకరు ఎత్తకపోతారా అని. మీరంతా కలిసి నోళ్లు కట్టేసుకున్నారు. నా సీజనును కూడా పోటీలో పెట్టండి. గెలిస్తే గెలుస్తుంది."

కార్యదర్శి మైకు కింద పెట్టేశాడు. గాయాన్ని దాస్తున్నాననుకుని ఇన్నాళ్లూ తను దాచేసింది ఆ మనిషినేనని ఆయనకు అప్పుడు తోచింది.

ప్రాంప్టర్ మామ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని లేచాడు. "నేను చెబుతానమ్మా. ఏటి ఒడ్డున నాయిక పడవ కోసం చూస్తూ పాడే పాట అది. ఈవిడ ఆ పాట మధ్యలో ఒక మౌనం పెట్టింది. పడవ ఈ ఒడ్డు చేరేదాకా ఎవరూ పాడకూడదు, ఏదీ మోగకూడదు. మొదటి రోజు అక్కడ పాట ఆగింది. పిల్ల మాట మరిచిపోయిందనుకుని తర్వాతి చరణం నేను వెనక బెంచీకి వినబడేలా అరిచి అందించాను. హాలంతా నవ్వులు. నన్ను నోరు మూసుకోమన్నారు. మర్నాడు తెరవాడు నాటకం అయిపోయిందనుకుని నాయిక నెత్తిన తెర దించేశాడు. ఆ తర్వాత వాద్యాలవాళ్లు సిగ్గుపడి ఆ మౌనంలో డప్పులు వాయించారు. ఖాళీ కనబడితే నింపడమే మా అందరి వృత్తి. నింపకూడని ఖాళీ ఒకటుంటుందని మాకెవరు చెప్పారు?"

"నేను చెప్పాను," అంది అత్తగారు.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెనక్కి తిరిగి తెర పూర్తిగా లాగించి పియానో ముందు కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది. తర్వాత మీటింది.

కార్యదర్శి ఠక్కున గుర్తుపట్టాడు. వంటగది గుమ్మం దగ్గర విన్న రాగమే అది. ఇన్నేళ్లు తెగిన చోటే ఆగి ఉండి, ఇప్పుడు అక్కడినుంచే నడక మొదలుపెట్టినట్టుంది. టికెట్లక్క అప్పటికి లేచి కిటికీ గదివైపు వెళ్లిపోతోంది. నడవ మధ్యలో ఆగింది. వెనక్కి తిరగకుండానే పాట అందుకుంది. తొలి మాట తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. రెండో మాటకు తుప్పు రాలింది. ఆ తర్వాత వచ్చిన గొంతు ఎలాంటిదో రాయడానికి నేర్చుకున్న అక్షరాలు చాలవు. కొండ మీదినుంచి నీరు దిగుతుంటే నోరు తెరుచుకుని చూస్తామే, ఆ హాలంతా అలా ఉంది. ఆవిడ ఒక్కో అడుగూ వేదికవైపు వేస్తూ పాడింది. వేదిక మెట్టు మీద కాలు పెట్టగానే పాట ఆగింది. పియానో ఆగింది.

మౌనం వచ్చింది.

కార్యదర్శి తన జన్మలో అంత పెద్దదాన్ని చూడలేదు. అది శాల కంటే పెద్దదిగా ఉంది. కప్పు మీది లతలదాకా నిండిపోయింది. అన్ని వందల మంది ఊపిరి బిగబట్టడం ఆయనకు వినబడింది. ప్రాంప్టర్ మామ జేబురుమాలు నోట్లో కుక్కుకుని వణుకుతున్నాడు. తెరవాడు తన రెండు చేతుల మీదా తనే కూర్చున్నాడు. కార్యదర్శి పెదవుల దాకా "ఇప్పుడు మన తదుపరి వక్త" అనే మాట అలవాటుగా వచ్చేసింది. తన నోటిని తన చేత్తోనే గట్టిగా మూసుకున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయని చేయి తడిశాక తెలిసింది. ఆ నిశ్శబ్దంలో నిజంగానే ఏదో పడవ ఒడ్డుకు వస్తున్నట్టు అందరూ ఒకవైపే చూస్తున్నారు.

వచ్చింది. గొంతు మళ్లీ లేచింది, ఒడ్డు తగిలినంత మెత్తగా. చరణం ముగిసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"అయిపోయిందా, ఆగిందా?" అని బాల్కనీలో ఎవరో గుసగుసలాడితే పక్కవాళ్లు చెవి మెలేశారు. ఇంకా పడవ రావాలేమోనని జనం శిలల్లా కూర్చున్నారు. చివరికి అత్తగారే ఇటు తిరగాల్సి వచ్చింది.

"అయిపోయిందమ్మా. ఇక దగ్గొచ్చు."

ముందు హాలంతా దగ్గింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. కప్పు కూలిందన్న పుకారు కాస్తలో నిజమయ్యేది.

"దీన్ని చప్పటిదని నేను అనలేను," అన్నాడు విమర్శకుడు, ముక్కు తుడుచుకుంటూ.

"అనకపోతే ఎలా మాస్టారూ?" అత్తగారు ఇంతెత్తున లేచింది. "అప్పుడు మంచిదనిపించుకోవడంలో ఓడిపోయాను. ఇప్పుడు చెడ్డదనిపించుకోవడంలో కూడా ఓడిపోవాలా?"

"మరి ఇప్పుడు నడుస్తున్న సీజను సంగతేంటి?" అని బాల్కనీ నుంచి ఒక గొంతు.

హాలు ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చేతులు లేవడం మొదలైంది. ముందు వరస, మధ్య వరస, బాల్కనీ. అధ్యక్షత వహించినవాడు సభతో పాటు నడవాలి కాబట్టి కార్యదర్శి కూడా తన సొంత సీజనుకు వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. తీర్మానం ఏకగ్రీవం.

నడుస్తున్నదాన్ని ఆ వారమే ఆపేశారు. అత్తగారి నాటకం మళ్లీ కడుతున్నారు. శాలకు సున్నం వేయిస్తున్నారు కాబట్టి సాధకం కార్యదర్శి ఇంట్లోనే, ముందుగదిలో. టికెట్లక్క, ప్రాంప్టర్ మామ, తెరవాడు రోజూ వస్తారు. ఏటికి వరదొచ్చిందని చెప్పి అత్తగారు ఆ మౌనాన్ని ఇంకా పొడిగించింది. అది నడుస్తున్నంతసేపూ కుళాయి తిప్పకూడదు, కుర్చీ జరపకూడదు. భార్య గరిట గాలిలో ఆపి నిలబడుతుంది, కార్యదర్శి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపుతాడు.

అత్తగారి ముందు ఎక్కడ నోరు జారుతుందోనన్న బెంగ ఆయనకు ఇప్పుడు బొత్తిగా లేదు. తెరిస్తే కదా జారడానికి.

గుండీలమ్మ, డెబ్బై మూడేళ్లు. నాటకశాల దుస్తుల గదిలో గుండీలు కుట్టగా వచ్చిన పేరు. ఇప్పుడు కూతురి ఇంట్లో, మేడ మీద కిటికీ ఉన్న గదిలో ఉంటున్నాను.