దూలం మీద చొక్కా

మా భాషలో ‘రాద్’ అంటే పని. రాదోయె పేరులోనే పని ఉంది. ఉన్నదంతా పేరుకే సరిపోయినట్టుంది, ఒంటికి చుక్క కూడా దిగలేదు.

జ్లాతార్ కొండ మీద అతను జాగా కొని నాలుగు వేసవులైంది. శుక్రవారం సాయంత్రం పోస్టాఫీసు కిటికీ మూసేయడం, చాచక్ పట్నం నుంచి భార్య స్తమేనతో కొండెక్కడం, రెండు రోజులు ట్రెయిలర్‌లో కాపురం. ఆ ట్రెయిలర్‌కి ఒక పక్క చక్రం పోయి రాళ్లు వచ్చాయి. ఇద్దరూ ఒకే వైపు కూర్చుంటే ఒరుగుతుంది. అందుకని దెబ్బలాడుకున్నా ఎదురెదురుగా కూర్చునే దెబ్బలాడుకుంటారు.

నాలుగేళ్లలో అతను చేసిందల్లా మరుగుదొడ్డి కోసం ఒక గొయ్యి. కింద ఊళ్లో మందు కొట్టు దగ్గర చెప్పుకున్నది మాత్రం రెండంతస్తుల మేడ, చుట్టూ వరండా. ఆ మేడ ఏటేటా పెరుగుతోంది. గొయ్యి మాత్రం అలాగే ఉంది.

స్తమేన పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని, పావు కిలోమీటరు దిగి, తాపీమేస్త్రీ వుకోమాన్ ఇంటికి వెళ్లి పని కానిచ్చుకుని రావాలి. ఆ శుక్రవారం ఆమె తేల్చి చెప్పేసింది.

“ఆదివారం సాయంత్రానికి గొయ్యి మీద కప్పు పడాలి. తలుపుండాలి. తలుపుకి గడియ ఉండాలి. లేదంటే సోమవారం ఈ జాగా అమ్మకానికి పెడతాను. కాయితాల మీద నా సంతకం కూడా ఉంది, మర్చిపోకు.”

“కొని నాలుగేళ్లేగా అయింది, అంత తొందరేంటి?”

“కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నువ్వు నాలుగేళ్లు తవ్వినా ఆ ఎలుక కూడా రాలేదు.”

వారమంతా ఎవరెవరివో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే రాదోయెకి, నాది అని చెప్పుకోవడానికి ఈ వాలు తప్ప ఇంకేమీ లేదు. ఇక్కడి గడ్డిలో వెల్లకిలా పడుకుంటేనే ప్రాణం లేచొచ్చేది. ఇది పోతే బతికేదెలా? పని చేయడం ఒక దారే, కానీ అది అతనికి తట్టలేదు. ఉపాయం తట్టింది.

శనివారం పొద్దున్నే గొయ్యి చుట్టూ నాలుగు గుంజలు పాతి, వాసాలు కట్టి, నడినెత్తిన ఒక దూలం ఎక్కించాడు. ఎక్కించి, దిగి, చేతులు దులుపుకున్నాడు.

“అయిపోయిందా?” అంది స్తమేన.

“ఇప్పుడే ఎక్కడ? పచ్చి కర్ర. మూడు వారాలు ఆరాలి. తొందరపడి రేకులు కొడితే కప్పు వంకరపోతుంది. మా తాత చెప్పేవాడు.”

“మీ తాత రైల్లో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు కదా?”

“రైలుకి మాత్రం కప్పుండదా?”

స్తమేన తండ్రి కూడా మేస్త్రీయే, కర్ర సంగతి ఆమెకి తెలుసు. మామూలుగా అయితే ఈ మాటకి ట్రెయిలర్ రెండో చక్రం కూడా ఊడాలి. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, “సరే. ఆ చొక్కా ఇలా ఇయ్యి, చెమటకి తడిసిపోయింది, ఉతికేస్తాను” అంది.

నాలుగేళ్లలో ఆమె కొండ మీద జేబురుమాలు కూడా ఉతకలేదు. అదీ కాక ఈసారి ఇద్దరి తిండికి పెళ్లి వంటంత కుండ మోసుకొచ్చింది. బుర్రున్నవాడికి అక్కడే అనుమానం రావాలి. రాదోయె తన ప్రాణమైన నీలిగళ్ల చొక్కా విప్పిచ్చి, గండం గడిచిందనుకుని, ట్రెయిలర్‌లో పడుకుని గుర్రుపెట్టాడు. ఆమె చొక్కా ఉతికి, దులిపి, తిన్నగా దూలం మీద ఆరేసింది.

మా వైపు ఇంటికి దూలం లేచిన రోజున దాని మీద చొక్కా కడతారు. అది కనిపిస్తే చుట్టుపక్కల వాళ్లు తలా ఒక చొక్కానో తువ్వాలో తెచ్చి పక్కన కట్టాలి. ఇంటాయన అందరికీ భోజనం పెట్టి మందు పోయాలి. దూలం మీదికెక్కిన బట్టలన్నీ మేస్త్రీవి. లోయలోంచి చూస్తే పొదల పైన దూలం, చొక్కా మాత్రమే కనిపిస్తాయి, కింద ఏముందో తెలియదు.

ట్రెయిలర్ ఒక పక్కకి ఒరిగేసరికి రాదోయెకి మెలకువ వచ్చింది. మెట్టు మీద వుకోమాన్ కాలు పెట్టాడు. అతని వెనక ఇరవై మంది, చేతుల్లో మడత విప్పని చొక్కాలు.

“చల్లగా కాపురముండరా రాదోయె! దూలం లేచిందటగా. మేడ ఎటువైపు?”

రాదోయె చెయ్యి చూపించాడు. వుకోమాన్ నాలుగడుగుల్లో దాన్ని చుట్టేసి వచ్చాడు.

“ఇది కింది అంతస్తా, పై అంతస్తా?”

“పైదే బాబాయ్,” అంది స్తమేన. “కిందిది ఆయన ముందే తవ్వేశాడు.”

కొండంతా నవ్వింది. వుకోమాన్ భార్య రోసాంద కళ్లు తుడుచుకుంటూ, వరండాలో చెప్పులు విప్పాలా అని అడిగింది. రాదోయెకి గోతిలో దూకుదామనిపించింది. ఇన్నాళ్లకి అది ఎందుకో ఒకందుకు పనికొచ్చేలా కనబడింది.

“చొక్కా కట్టిన దూలాన్ని కప్పు లేకుండా వదలకూడదు,” అన్నాడు వుకోమాన్. “పట్టండ్రా.”

“కర్ర ఆరాలి బాబాయ్. మా తాత...”

“ఆ టిక్కెట్ల తాతేగా?”

టిక్కెట్ల సంగతి ఈయనకెవరు చెప్పారా అని రాదోయె ఆలోచించేలోపే నెత్తిన రేకులు పడ్డాయి. విందుకి వచ్చినవాళ్లు మేకులు, పలకలు, ఆఖరికి గడియ బిగించిన తలుపు కూడా తెచ్చారు. శనివారమంతా మోశాడు, ఆదివారం మధ్యాహ్నం దాకా మోశాడు. మధ్యలో స్తమేన ఆ పెద్ద కుండ మూత తీసి అందరికీ మాంసం, క్యాబేజీ వడ్డించింది. మంచం కింద అతను దాచుకున్న ఆల్‌బుఖారా సారా సీసా వెతక్కుండానే తీసి పోసింది.

సాయంత్రం ఆమె లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. రాదోయె బయట రాయి మీద, తీర్పు కోసం కాచుకున్న ముద్దాయిలా కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె బయటికొచ్చింది.

“బాగుంది.”

“మరి అమ్మకం?”

“ఎవరమ్ముతారు? నీకంటే నాకే ఈ కొండ ఇష్టం. పొద్దున్నే ఆ దిగుడే నా వల్ల కావట్లేదు.”

రాదోయె గడ్డిలో వెల్లకిలా పడిపోయాడు. హమ్మయ్య అనుకున్నాడు, పైకే అనేశాడు. నడుము నొప్పి కూడా హాయిగా ఉంది. ఇంతలో లేచి కూర్చున్నాడు.

“ఆ తలుపు కొలత ఆయనకెలా తెలిసింది?”

“వారం వారం నేను వాళ్లింటికి పోయింది ఒక్క పనికే అనుకున్నావా?”

“మరి నా చొక్కా?”

స్తమేన వాలు కిందికి చూపించింది. నీలిగళ్ల చొక్కా వుకోమాన్ ఒంటి మీద ఇంటిదారి పట్టింది.

“నాలుగేళ్లుగా లేవని దూలం లేచింది,” అన్నాడు రాదోయె. “నా దూలా తీరింది.”

మరుసటి శనివారం గడ్డిలో కునుకు తీస్తుంటే బకెట్లో బట్ట జాడించిన చప్పుడైంది. కన్ను తెరిస్తే, స్తమేన అతని తెల్ల చొక్కా పిండుతోంది.

“దాన్నెక్కడ ఆరేస్తావు?”

“వరండా దూలం మీద.”

“వరండా ఏదీ?”

“అదే నేనూ చూస్తున్నాను. ఈ ఎండకి తడి ఎంతోసేపు ఉండదు.”

రాదోయె లేచి పార అందుకున్నాడు. అతనికి మిగిలినవి రెండే చొక్కాలు, అందులో ఒకటి ఇప్పటికే ఆమె చేతిలో ఉంది.