వందేళ్ళ దుమ్ము

ఆదివారం పొద్దున్నే ఒడీల్ వాన్ కుట్సెమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సబ్బు తగలకుండా మొహం కడుక్కోవాలి. కాఫీ ముట్టకూడదు. ఎండురొట్టె రెండు ముక్కలు నమిలి, సైకిలెక్కి, ఎనిమిదింటికల్లా ఫిలోమీన్ మామ్మగారి పీపాల కొట్టుకు చేరాలి. పదకొండింటికి పీపా సోదర సంఘం పెద్దలు ముగ్గురు వస్తారు. వాళ్ళు మూడు గ్లాసుల పుల్లబీరు ముందు పెడతారు. ఏది ఎన్నేళ్ళు పీపాలో ఉందో ముక్కుతోనూ నాలుకతోనూ కనిపెట్టి చెప్పాలి. చెప్పగలిగితే ముదురాకుపచ్చ మఖమలు అంగీ తెచ్చి భుజాల మీద కప్పుతారు.

అంగీ సంగతి అలా ఉంచితే, ఒడీల్‌కు అసలు ఆశ మామ్మగారి బల్ల పక్కనున్న ముక్కాలి పీట మీద. ఏడాది బీరు, రెండేళ్ళ బీరు, మూడేళ్ళ బీరు ఏ పాళ్ళలో కలిపితే మంచి గ్యూజ్ బీరు అవుతుందో ఆ బల్ల దగ్గరే తేలుతుంది. పదకొండేళ్ళుగా అతను ప్రతి ఆదివారం వచ్చినవాళ్ళకు కొట్టు చూపించి రుచులు వివరిస్తున్నాడు గాని, ఆ పీట మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. అడిగినప్పుడల్లా మామ్మగారు, "సంఘం వాళ్ళు నిన్ను ఒప్పుకోనీ, చూద్దాంలే" అనేది. ఆమెకు ఎనభై ఒకటి. ఇంకెన్నాళ్ళు చూస్తుందోనని ఒడీల్‌కు బెంగ.

వారంలో ఆరు రోజులు అతను పురపాలక కార్యాలయంలో జనన మరణాలు నమోదు చేస్తాడు. అక్కడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని ఉండదు. అందువల్ల వారం మొత్తం మాటలూ ఆదివారం నాడు బయటికొచ్చేవి.

"నాలుగు రోజుల్నించీ ఇంట్లో ఉల్లిపాయ లేదు, సెంటు లేదు, ఆఖరికి బట్టల సబ్బు కూడా లేదు" అంది భార్య గోడెలీవ్, రొట్టె అతని ముందు పెడుతూ. "అంతా మీ ముక్కు పెత్తనమే అయిపోయింది. దానికి వేరే కుర్చీ వేయమంటారా?"

"ఇవాళ ఒక్క రోజు ఓర్చుకో."

పక్కనే కూర్చున్న గోడెలీవ్ అక్క ఒర్టాన్స్ గొంతు సవరించుకుంది. ఆమె తీరం వైపు ఊరి నుంచి గురువారం వచ్చింది. శనివారం శనివారం ఇంటి ముందు కాలిబాటను కూడా సబ్బుతో రుద్దే మనిషి. ఎవరింటికి చుట్టంగా వెళ్ళినా మూడో రోజుకు ఆ ఇంటి గిన్నెలు ఆమెను చూసి మెరవడం మొదలుపెడతాయి.

"మరిదిగారూ, మీ పరీక్ష కదాని నిన్న నేనూ ఓ చెయ్యి వేశాను. మీరు ఆఫీసులో ఉండగా ఆ పీపాల కొట్టు అటక మొత్తం కడిగేశాను. అబ్బబ్బ, ఏం బూజు, ఏం దుమ్ము! మామ్మగారే తాళం..."

ఒడీల్ చేతిలో రొట్టె జారింది. మిగతా మాట వినడానికి అతను అక్కడ లేడు. సైకిలు కూడా గోడకే ఉండిపోయింది. పరుగెత్తుతున్నాడు.

అటక మెట్లెక్కి చూశాడు. దూలాలు తేనెరంగులో తళతళలాడుతున్నాయి. పీపాల మీద సుద్దతో రాసిన అంకెలు మైలు దూరానికి కనిపించేలా ఉన్నాయి. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది. అక్కడ కిటికీ ఉందని ఒడీల్‌కు ఆరోజే తెలిసింది.

ఇప్పుడు ఆ దుమ్ము కథ చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, చేరిన రెండో ఆదివారం, ఒకావిడ "ఇక్కడ ఇంత దుమ్మేమిటండీ?" అని అడిగింది. తెలియదని చెప్పడం ఒడీల్‌కు చేతకాలేదు. "అమ్మా, ఈ బీరును మనిషి పులియబెట్టడు, గాలి పులియబెడుతుంది. ఆ మహిమంతా ఈ దుమ్ములోనే, ఈ బూజులోనే కాపురముంది. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ చీపురు పడలేదు" అనేశాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో ముప్ఫై ఏళ్ళు మరుసటి ఏడాదికి అరవై అయ్యాయి, తర్వాత వంద. చెప్పగా చెప్పగా అతనికే నమ్మకం కుదిరింది. గ్లాసు పైకెత్తి, "గుర్రం మీది దుప్పటి, తడిసిన ఎండుగడ్డి, పచ్చి ఆపిలు, చివర్న ఇదిగో, మన అటక!" అనేవాడు. గుర్రం మీది దుప్పటిని అతను జన్మలో వాసన చూడలేదు.

సంఘం అధ్యక్షుడు, పళ్ళ డాక్టరు ఎవరార్ట్ గారు రాసిన ఉత్తరంలో ఆఖరి వాక్యం ఇది: "ప్రసిద్ధి చెందిన మీ వందేళ్ళ దుమ్మును దర్శించాలని మా అందరికీ కుతూహలంగా ఉంది."

మామ్మగారు చర్చికి వెళ్ళింది. వచ్చాక ముల్లంగి తరుగుతూ కిందే కూర్చుంటుంది. మోకాళ్ళ నొప్పులవల్ల ఈమధ్య అటక ఎక్కడం లేదు. ఆమెకు తెలియకముందే అంతా యథాస్థితికి తేవాలి. తెలిస్తే ఆ ముసలి ప్రాణం తట్టుకుంటుందా అని ఒడీల్‌కు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

వీధి చివర పావురాలు పెంచే రెమీ అతని చిన్ననాటి స్నేహితుడు. పందెం పావురాల కోసం ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఒరే రెమీ, అర్జంటుగా దుమ్ము కావాలిరా."

"దుమ్మా? ఎంత?"

"ఎంతుంటే అంత. వందేళ్ళదయితే మంచిది."

"మా గూళ్ళలో ఉన్నది పోయిన మంగళవారానిది" అన్నాడు రెమీ, నిజాయితీగా. "సరే, రెండు బస్తాలు తీసుకుపో. కొంచెం ఈకలుంటాయి, ఏరుకో. ఇంతకీ దేనికిరా?"

ఒడీల్ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆదివారం పొద్దున ఊరంతా బేకరీ దగ్గర వరసలోనే నిలబడి ఉంటుంది, రెమీ కూడా రొట్టెలకు అక్కడికే వెళ్ళాలి. బేకరీలో ఆ మాట మొదట్లో "ఒడీల్‌కు దుమ్ము కావాలట" అనే ఉంది. వరస మధ్యకొచ్చేసరికి బూజు కూడా కలిసింది. తలుపు దగ్గరికొచ్చేసరికి, "మామ్మగారి సాలీళ్ళన్నీ చచ్చిపోయాయట, అవి లేకపోతే ఈ ఏడు ఊరికి గ్యూజ్ లేదట" అయింది. ఊళ్ళో ఏది కరువైనా పరవాలేదు గాని, గ్యూజ్ అంటే మాటలు కాదు.

తొమ్మిదిన్నరకల్లా కొట్టు వెనక గుమ్మం దగ్గర జనం బారులు తీరారు. జామ్ సీసాలు, అగ్గిపెట్టెలు, మూతకు చిల్లులు పొడిచిన బిస్కట్ డబ్బాలు. చర్చి గంటలు మోగించే ఆయన గంటగోపురం నుంచి అరచేయంత సాలీణ్ణి టోపీలో పట్టుకొచ్చాడు. "జాగ్రత్త, ఇది ప్రార్థనలకు అలవాటు పడ్డ ప్రాణి" అని మరీ అప్పగించాడు.

ఒడీల్ ఒక్కొక్కదాన్నీ దూలాల మీద వదిలాడు. వదలగానే అవి బల్లల సందుల్లోకి దూరి మాయమయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి గూడు కట్టలేదు.

"కట్టండర్రా" అని బతిమాలాడు. "పదకొండింటికి మనుషులొస్తున్నారు."

"పిలిచిన వెంటనే అల్లడానికి అవేమన్నా మీ ఆవిడ లాంటివా?" అంది వెనకనుంచి గోడెలీవ్. ఆమె చేతిలో సంచీ ఉంది. అందులో మూడు నెలలుగా అల్లుతున్న బూడిదరంగు ఉన్ని శాలువా ఉంది, పొగలా పల్చగా, మెత్తగా. వచ్చే నెల ఒర్టాన్స్ పుట్టినరోజుకని.

"వద్దు గోడెలీవ్, అంత కష్టపడి..."

"మీ మొహం చూడలేకపోతున్నాను. మాట్లాడకుండా ఆ చివర పట్టుకోండి."

ఒడీల్ ఆ చివర అందుకున్నాడు. ఇద్దరూ కలిసి శాలువాను అక్కడక్కడా విప్పి, పోగులు సాగదీసి, దూలాలకు మేకులతో వేలాడదీశారు. తర్వాత అతను రెమీ బస్తాలు విప్పి, గుప్పిళ్ళతో దుమ్ము చల్లాడు. పైకి చల్లింది పైనే ఉండదు కదా. సగం పీపాల మీద పడితే సగం అతని ముక్కులోకి పోయింది. నాలుగు రోజులు ఉల్లిపాయకు కూడా దూరంగా పెట్టి కాపాడుకున్న ముక్కు, పావురాల రెట్ట పొడితో నిండి బిగుసుకుపోయింది.

సరిగ్గా పదకొండింటికి మూడు మఖమలు అంగీలు మెట్లెక్కి వచ్చాయి. ముందు డాక్టర్ ఎవరార్ట్, వెనక నోరు విప్పని సభ్యులిద్దరు.

"ఈ నేల బీద... చీపురు పడి... హాచ్!... వంద సంవత్సరాలు" అని మూసుకుపోయిన ముక్కుతో మొదలుపెట్టాడు ఒడీల్.

"జలుబు చేసిందా ఒడీల్ గారూ?"

"లేదండీ, భావోద్వేగం."

డాక్టరుగారి ముంజేతి మీద తెల్లటి ఈక ఒకటి నింపాదిగా వచ్చి వాలింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "ఇక్కడ పావురాలున్నాయా?"

"చరిత్రలో ఉండేవండీ."

డాక్టరుగారు తలాడించి, మూలనున్న బూజును మరింత దగ్గరగా చూడ్డానికి వంగాడు. "అద్భుతం. ఇంత దళసరి గూడు నేనెక్కడా చూడలేదు" అన్నాడు. వంగి లేచినప్పుడు ఆయన అంగీ ఇత్తడి బొత్తానికి ఒక పోగు తగులుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఆయన వెనుదిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. దూలం మీది వందేళ్ళ బూజు వరస వెంట వరసగా, చక్కగా విప్పుకుంటూ ఆయన వెంటే బయల్దేరింది. ఒడీల్ చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు, తుమ్ము వచ్చింది.

పోగు మెట్ల కమ్మీని చుట్టుకుని, కింది గది దాటి, పెరట్లోకి వెళ్ళింది. అక్కడ, చెల్లెలి వెంట వచ్చిన ఒర్టాన్స్ తొట్టి కడుగుతోంది. నేల మీద దారప్పోగు పడి ఉంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు ఆమె. చెయ్యి తుడుచుకుని, పోగు అందుకుని, ఉండ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టుకుంటూ చుట్టుకుంటూ నడిచి, డాక్టరుగారి పొట్టకు ఎదురుగా వచ్చి ఆగింది. బొత్తాం నుంచి మెల్లగా పోగు విడదీసి, ఉండ ఆయన ముందు ఎత్తి పట్టుకుంది.

"ఏమిటమ్మా ఇది?"

"ఉన్నండీ. మా చెల్లెలిది. పోయిన శీతకాలం మేమిద్దరం కలిసే కొన్నాం." అని, అటక వైపు చూసింది. తర్వాత ఒడీల్ వెనకే దిగివచ్చిన గోడెలీవ్ వైపు చూసింది. "నా పుట్టినరోజు శాలువా కదే ఇది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఒడీల్ పెరటి మధ్యలో నిలబడి తుమ్ముల మధ్య అంతా చెప్పేశాడు, కడగడం, పావురాల దుమ్ము, బిస్కట్ డబ్బాల సాలీళ్ళు, అన్నీ. ఆఖరికి పెరటి అరుగు మీద కూర్చున్న మామ్మగారి ముందు టోపీ తీసి, "మామ్మగారూ, మీ వందేళ్ళ దుమ్ము పోయింది. తప్పు మా ఇంటివాళ్ళదే. క్షమించండి" అన్నాడు.

మామ్మగారు ముల్లంగి తరగడం ఆపలేదు.

"ఏ దుమ్ము నాయనా? ఒర్టాన్స్‌కు తాళం ఇచ్చింది నేనే."

"మీరా?"

"ఏటా నేనే ఊడుస్తాగా. మీరిద్దరూ సముద్రం ఒడ్డుకు పోయే వారం చూసుకుని. ఈ ఏడు పరీక్ష అని నువ్వు వెళ్ళలేదు, నాకా మోకాళ్ళు లేవట్లేదు. సాలీళ్ళను నేను చంపను, ఈగల్ని పడతాయవి. గూళ్ళు తీసేస్తే వారంలో మళ్ళీ కట్టుకుంటాయి."

"మరి... వందేళ్ళు అని నేను చెబుతుంటే ఎందుకూరుకున్నారు?"

"నువ్వు చెప్పే తీరు బాగుండేది. పోయినేడు సముద్రం నుంచి వచ్చి, అప్పుడే ఊడ్చిన అటకలో నిలబడి, ‘ఈసారి దుమ్ము మరింత ముదిరింది’ అన్నావు. ఆ రోజు నవ్వలేక చచ్చాను."

సభ్యులిద్దరిలో ఒకాయన మొదటిసారి నోరు విప్పాడు, నవ్వడానికి.

డాక్టర్ ఎవరార్ట్ మాత్రం నవ్వలేదు. నియమం నియమమే అంటూ బల్ల మీద మూడు గ్లాసులు పెట్టించాడు. ఒడీల్ మొదటి గ్లాసులో ముక్కు పెట్టాడు. ఏమీ లేదు. రెండోది. ఏమీ లేదు. మూడోది తాగి చూశాడు, పులుపు తప్ప ఇంకేదీ అందలేదు. గుర్రం దుప్పటి, ఎండుగడ్డి అన్న మాటలు అలవాటుగా నాలుక చివరికొచ్చాయి. ఒర్టాన్స్ దగ్గర్నుంచి గోడెలీవ్ చేతికి చేరిన ఉన్ని ఉండ కనిపించింది. ఆ మాటలు మింగేశాడు.

"తెలియడం లేదండీ" అన్నాడు. ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కిపోయాయి. "మూడింట్లో ఏది ఏదో నాకు తెలియడం లేదు."

డాక్టరుగారు కాగితం మీద ఏదో రాసి, మడిచి, అంగీ ఉన్న పెట్టెను తెరవకుండానే చంకలో పెట్టుకున్నాడు. తెల్లజున్ను, ముల్లంగి వేసిన రొట్టె రెండు ముక్కలు తిని, సభ్యులతో సహా వెళ్ళిపోయాడు.

ఒడీల్ గ్లాసులు కడగడానికి లేవబోయాడు. మామ్మగారు కాలితో ముక్కాలి పీటను అతని వైపు తోసింది.

"కూర్చో."

"మామ్మగారూ, నేను తప్పాను కదా."

"పదకొండేళ్ళుగా గ్లాసులో ముక్కు పెట్టకముందే మొదలుపెట్టేవాడివి. తెలీదన్నది ఇవాళే. అన్నీ తెలిసినవాడు నా పక్కనెందుకూ, నాకు తెలుసుగా? తెలియనివాడైతే చెప్పిన పని చేస్తాడు." తలుపు వెనక చీపురు చూపించింది. "ముందు పైకెళ్ళి నీ పావురాలను ఊడ్చిరా. తర్వాత మొదటి పీపా దగ్గర కూర్చుందాం."

ఒడీల్ పీట మీద ఒక్క క్షణం కూర్చున్నాడు. ఒక కాలు పొట్టిగా ఉండి అటూ ఇటూ ఊగింది. అయినా అతనికి లేవబుద్ధి కాలేదు. తర్వాత చీపురు పట్టుకుని పైకెళ్ళాడు.

మరుసటి ఆదివారం వచ్చిన పద్నాలుగు మందికీ అతను నిజమే చెప్పాడు. ఇక్కడ ఏటా ఊడుస్తారని, దుమ్ములో మహిమ లేదని, రుచి గురించి తనకు ఇప్పుడిప్పుడే కాస్త తెలుస్తోందని. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఒకాయన మాత్రం ఆశ వదలక, దూలం మూలకు వేలు చూపించి, "పోనీ ఆ బూడిదరంగు గూడైనా పాతదేనా?" అని అడిగాడు.

"అది మా ఆవిడ అల్లింది" అన్నాడు ఒడీల్.