ఏడు వందల గ్రాముల తేడా

కొండల్లో పది పన్నెండు రోజులు నడవాలనుకునేవాడు కొండల వైపు చూడకూడదు. త్రాసు వైపు చూడాలి! కొండలదేముంది, అవి ఎక్కడికీ పోవు. నూట పది గ్రాముల రెయిన్‌కోటు మీద డిస్కౌంటు మాత్రం ఆదివారంతో అయిపోతుంది.

లైట్‌వెయిట్ సామాను వేట ఈ కాలం మనుషులకు పట్టిన పిచ్చి అని కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. వాళ్లలో ఇద్దరు మా ఇంట్లోవాళ్లే. పిచ్చి కాదు మహాప్రభో, వరం! ఎలాగో నేను చెబుతాను. కాస్త ఓపిగ్గా వినండి. మీ చేతిలో బరువైనదేదైనా ఉంటే ముందు పక్కన పెట్టండి.

మొదలు మా ఆవిడతో. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలన్నీ ఎవరో రమ్మంటే వెళ్లినవే. పెళ్లిళ్లకు వెళ్లాం, ఆస్పత్రులకు వెళ్లాం, మా బాబాయి పిల్లలు ఆస్తి కోసం కొట్టుకుంటుంటే విడదీయడానికి కూడా వెళ్లాం. ఒకరోజు భోంచేస్తూ ఆవిడ అంది కదా:

"ఏమండీ, ఈసారి ఎవరూ పిలవని చోటికి పోదామా? మనిద్దరమే. బ్యాగులు వీపుకి తగిలించుకుని ఆ కొండదారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచొద్దాం."

ఆ దారి ఫోటో ఒకటి కౌంటరు అద్దానికి లోపలి వైపు అంటించుకుని, స్టాంపులు కొట్టేటప్పుడల్లా చూసుకుంటోందని అప్పుడే తెలిసింది. నా మనసు కరిగి నీరైపోయింది. సరేనన్నాను. "సామాను సంగతి నాకొదిలెయ్" అని కూడా అన్నాను. ఆవిడ సంతోషంగా తలూపింది, పాపం.

ఆ రాత్రే నాకు గురువు దొరికాడు. వీడియోలు చేస్తాడు. ఆయన పేరు ఏదైతేనేం, నా వరకు ఆయన గ్రాముల గురువు. తిండీ నీళ్లూ కాకుండా నాలుగు కిలోలకు మించి మోసేవాడు అసలు నడకకే పనికిరాడని ఆయన సిద్ధాంతం. కెమెరా ముందు కూర్చుని చొక్కా గుండీలు కోసేస్తాడు, సాక్సుల అంచు కత్తిరిస్తాడు. ఆ ముఖంలో ఎంత ప్రశాంతతండీ! నేను చూస్తూనే ఉండిపోయాను.

మర్నాడే చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను. రోజంతా పార్శిళ్లు తూచి అలసిపోయి ఇంటికొచ్చిన మా ఆవిడ దాన్ని చూసి నిట్టూర్చింది. "నాకు జీతమిచ్చి చేయించే పని మీరు ఊరికే చేస్తున్నారా?" అంది. నేను పట్టించుకోలేదు. అప్పటికి నా టవల్‌ని సగానికి కత్తిరించే పనిలో ఉన్నాను.

ఇక్కడ సామాన్యుడికో చిక్కుంది. తేలికైన సామాను ఖరీదెక్కువ, చవక సామాను బరువెక్కువ. అరకిలో తగ్గిన టెంటు కొనాలంటే అర జీతం సమర్పించుకోవాలి. మరి చవకగానూ ఉండి, తేలికగానూ ఉండే వస్తువు ఈ భూప్రపంచంలో లేదా? ఉంది! కొనని వస్తువు. ఈ సత్యం తెలిశాక నేను వెనక్కి తిరిగి చూడలేదు. తలగడ తీసేశాను, బట్టల మూటే తలగడ. ప్లేటు తీసేశాను, గిన్నే ప్లేటు. మరికొంత ఆలోచించి గిన్నె మూత కూడా తీసేశాను. రెయిన్‌కోటు డిస్కౌంటు నేను ఆలోచిస్తుండగానే అయిపోయింది, పోతే పోనీ, చెత్త వేసుకునే పెద్ద ప్లాస్టిక్ సంచికి తలకో కన్నం, చేతులకు రెండు కన్నాలు పెడితే చాలదూ? అది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే నన్ను నేనే గుమ్మం బయట పెట్టబోయాను.

టూత్‌బ్రష్ పిడి విరగ్గొట్టాను. నాలుగు గ్రాములు! ఇప్పుడు పళ్లు తోముకోవాలంటే పిడికిలి సగం నోట్లో పెట్టుకోవాలి. అయినా కొండల్లో ఎవరు చూడొచ్చారు? బ్యాగు జిప్పులకుండే తోకలు పీకేశాను. ఇప్పుడు ఆ జిప్పులు తెరుచుకోవు. తెరుచుకోని బ్యాగులో అనవసరమైనదేదీ పెట్టలేం కదా, అదీ లాభమే!

మిగిలినవాటి కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాను. స్పోర్ట్స్ షాపు సేల్స్‌మన్ నన్ను దూరం నుంచి చూడగానే భోజనానికి వెళ్లిపోయేవాడు, ఉదయం పదిన్నరకైనా సరే. అతనిదీ తప్పనలేం. నేను వాళ్ల షాపులో చెంచాలన్నీ నా త్రాసు మీద తూచి, దేన్నీ కొనకుండా బయటికొచ్చిన మనిషిని. టైటానియం చెంచాకీ మా వంటింటి ప్లాస్టిక్ చెంచాకీ తూకంలో తేడాయే లేదు. ఈ విజయాన్ని ఎవరితో పంచుకోవాలో తెలియక మా అక్కకు ఫోన్ చేశాను.

మా అక్క స్కూల్లో ఆటల టీచరు. పిల్లలను క్యాంపులకు తీసుకెళ్లి తీసుకెళ్లి గొంతు, భుజాలు రెండూ గట్టిపడ్డ మనిషి. నేను చెప్పిందంతా విని, "ఒరేయ్, నడక మొదలుపెట్టావా లేదా?" అంది.

నడకట! నడక ఎవడైనా నడుస్తాడు. రెండు కాళ్లుంటే చాలు. సామాను ఎంచడానికి తెలివి కావాలి, ఓర్పు కావాలి, ఇంటర్నెట్ కావాలి. ఈ తేడా మా అక్కకే కాదు, మా ఆవిడకూ తెలియదు. పొద్దున్నే లేచి, పాత పత్రికలన్నీ బ్యాగులో కుక్కుకుని, మా బిల్డింగు మెట్లెక్కి దిగేది. కింది వాటా పెద్దాయన పేపర్లు అమ్మకానికేమో అనుకుని రెండుసార్లు బేరమాడాడు కూడా. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి రోజూ అడిగేది.

"వస్తారా? నాలుగు మెట్లెక్కి వచ్చేద్దాం."

"ఈ పరుపు సంగతి తేలనీ" అనేవాణ్ని.

పరుపు తేలాక బూట్ల సంగతి వచ్చింది, తర్వాత టార్చిలైటు. అడగడం ఆవిడ ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. కొత్త వీడియో వచ్చింది మరి, గమనించడానికి తీరికేదీ?

ఇలా కూర్చుని పరిశోధించడంలో బ్యాగు మూడు కిలోలు తగ్గింది, నేను నాలుగు కిలోలు పెరిగాను. డాక్టరు పెదవి విరిచాడు. నేను మాత్రం గర్వపడ్డాను. బ్యాగులో ఉండాల్సిన బరువును ఒంట్లోకి మార్చుకున్నాను, ఇప్పుడు దానికి వేరే పట్టీలక్కర్లేదు!

మా ఆవిడ పైఅధికారి కాళ్లావేళ్లా పడి సెలవు మంజూరు చేయించుకున్న రోజు నా టెంటు వచ్చింది. హాల్లో సోఫా జరిపి, ఫ్రిజ్‌కో తాడు, కిటికీకో తాడు కట్టి నిలబెట్టాను. దాని ముందు సామానంతా వరసగా పేర్చాను. సగం టవలూ, పిడి లేని బ్రష్షూ, మడత పరుపూ, గిన్నే, చెంచా. త్రాసు కూడా పక్కనే పెట్టాను, అనుమానమొస్తే చూసుకోవచ్చని.

ఆవిడ ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు విప్పి, టెంటు చుట్టూ ఓసారి తిరిగింది. వంగి లోపలికి చూసింది.

"బాగుంది. నేనెక్కడ పడుకోవాలి?"

"అదీ... ఇద్దరు పట్టే టెంటు ఏడు వందల గ్రాములు ఎక్కువ" అన్నాను.

"పరుపు?"

"ఒకటే. రెండోది తీసుకుంటే నాలుగు కిలోలు దాటిపోతుంది."

"చెంచా?"

నేను ఉన్న ఒక్క చెంచానూ మెల్లగా ఆవిడ వైపు జరిపాను.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకు తట్టనే లేదు. గ్రాముల గురువు ఎప్పుడూ ఒంటరిగా నడుస్తాడు. ఆయన లెక్కలన్నీ ఒక్క మనిషివి. వాటిని నేను పొల్లు పోకుండా పాటించాను. ఎక్కడా తప్పు చేయలేదండీ! ఒక్కో వస్తువు దగ్గర ఒక్కో గ్రాము న్యాయంగానే తగ్గిస్తూ వచ్చాను. అలా తగ్గించగా తగ్గించగా చివరికి తగ్గింది మా ఆవిడ.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. సోఫాలో కూర్చుని కాసేపు ఆ చెంచా వైపే చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"వదినా, మీ స్కూలు క్యాంపు టెంటు ఉందన్నారే, ఎంతమంది పడతారందులో? ముగ్గురా? మీకు సెలవెన్నాళ్లు దొరుకుతుంది?"

అంతే. నా భార్యా, నా తోబుట్టువూ నన్ను ఇంట్లో దించేసి ప్రయాణం కట్టారు. ఇంతకన్నా పెద్ద బరువు తగ్గించిన లైట్‌వెయిట్ నడకవాళ్లు చరిత్రలో ఉన్నారా?

బస్టాండుకు నేనే దింపాను. ఆ టెంటు చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ముతక గుడ్డ, ఇనప మేకులు, మోకులంత తాళ్లు! రెండు బ్యాగులూ నిండు గర్భిణుల్లా ఉన్నాయి. మా ఆవిడ బ్యాగులో కత్తిరించని టవలుంది, రెండు ప్లేట్లున్నాయి, తలగడ కూడా ఉంది. అయినా ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను అక్కడ లేనట్టే నవ్వుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బస్సెక్కబోతూ మా ఆవిడ వెనక్కి తిరిగింది.

"వదినకి సగం దారి వరకే సెలవు. తర్వాత వెనక్కొచ్చేస్తారు. మిగతా సగం ఈ టెంటు మొయ్యడానికి మనిషి కావాలి."

"ఎంత బరువుంటుందేమిటి?" అన్నాను. అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది మా అక్క ఫుట్‌బోర్డు మీద నుంచి, "ఇంకొక్కసారి బరువడిగావంటే నేనే సెలవు పొడిగించుకుంటాను!"

బస్సు వెళ్లిపోయింది. ఇంటికొచ్చాను. హాల్లో నా టెంటు నిలబడే ఉంది. అందులో దూరి పడుకున్నాను. ఎంత హాయి! కుడి చెయ్యి చాపితే గుడ్డ, ఎడమ చెయ్యి చాపితే గుడ్డ. పక్కన మనిషి లేదు, గురక లేదు, దుప్పటి లాగేవాళ్లు లేరు. నిద్ర మాత్రం పట్టలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే బిల్డింగు మెట్లెక్కుతున్నాను. వీపు మీద బ్యాగుంది, బ్యాగులో పాత పత్రికలున్నాయి, వాటి మీద మా మిక్సీ ఉంది. కింది వాటా పెద్దాయన మిక్సీకి మాత్రం మంచి ధర ఇస్తానంటున్నాడు. రేపు మొదటి బస్సుకు బయల్దేరుతున్నాను.

ఇంతసేపూ లైట్‌వెయిట్ సామాను గొప్పదనం ఎందుకు చెప్పుకొచ్చానో ఇప్పటికే కొందరు పసిగట్టి ఉంటారు. అవునండీ, మా ఇంట్లో ఆ సామానంతా అమ్మకానికుంది. టెంటు, పరుపు, గిన్నె, చెంచా. త్రాసు ఉచితం. అన్నీ కొత్తవి, అన్నీ చవక, ఒక్కదాంట్లోనూ ఒక్క గ్రాము కూడా వృథా లేదని ప్రమాణం చేసి చెప్పగలను. లోపమంటూ ఉంటే ఒక్కటే. ఆ టెంటులో ఒక్కడే పడతాడు. ఆ ఒక్కడు నేను కాదలచుకోలేదు.