బాలింతకే బాలింత వేషం

ఆ రోజు పొద్దున సబీహా వేసుకున్న పథకం చాలా చిన్నది. చంటివాడికి కడుపునిండా పాలిచ్చి పడుకోబెట్టాలి. కుట్లు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తున్నానని అత్తతో చెప్పాలి. నర్సింగు కాలేజీకి వెళ్ళి పరీక్షలో రోగి వేషం వేయాలి. వాడు మళ్ళీ ఆకలికి లేచేలోగా ఇంట్లో ఉండాలి.

అబద్ధం చిల్లా వల్ల అవసరమైంది. కాన్పయిన ఆడది నలభై రోజులు గడప దాటకూడదని అత్త అక్తర్ బేగం పట్టుదల. ఆసుపత్రికైతే సరే, ఇంకెక్కడికీ కుదరదు. సబీహాకి ఇంకా నెల కూడా నిండలేదు. చెవుల చుట్టూ గుడ్డ కట్టుకుని, తలుపులు మూసిన గదిలో, వాడు తుమ్మినా దగ్గినా గుండె జారిపోతూ గడుపుతోంది.

అయినా ఆ గడప దాటక తప్పలేదు. నరసరావుపేటలో వాళ్ళ వీధి చివరే ఉన్న నర్సింగు కాలేజీలో ఆయా పని ఖాళీ అయింది. "పని లేనప్పుడు క్లాసులో వెనక కూర్చుని విను. రెండేళ్ళలో నీ చేత పది కట్టిస్తా, ఆ తర్వాత చూద్దాం" అని కాలేజీ నడిపే మహేశ్వరి మేడం మాటిచ్చింది. పదో తరగతి సగంలో ఉండగా పెళ్ళి చేసి పుస్తకాలు అటకెక్కించిన పిల్లకి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మేడం పెట్టిన షరతు ఒక్కటే. పిల్లలు ప్రాక్టికల్స్‌లో సూదులు గుచ్చీ గుచ్చీ రబ్బరు బొమ్మ చిరిగిపోయింది. కాబట్టి ఈసారి బొమ్మకు బదులు సబీహా మంచం మీద పడుకోవాలి.

ముందు రోజు నుంచీ ఆమెకు తల పగిలిపోతోంది. కళ్ళ ముందు మిణుగురుల్లాంటివి ఆడుతున్నాయి. నిద్ర లేక అనుకుంది. ఎవరికైనా చెబితే వేషం ఇంకొకరికి పోతుంది, వేషంతోపాటు పని కూడా పోతుంది. అందుకని నోరు మూసుకుంది.

"నువ్వు కాన్పయిన మనిషివి" అని మేడం పాఠం చెప్పింది. "రక్తం ఆగకుండా పోతా ఉంది. బీపీ పడిపోయింది. ఎవరేం అడిగినా రెండే మాటలు. కళ్ళు తిరుగుతున్నయ్, రక్తం పోతా ఉంది. మూడో మాట మాట్లాడావా, పిల్లల మార్కులు తారుమారైతయ్. నీ పనీ అంతే."

"నేను నిజంగానే కాన్పయిన మనిషిని కదా మేడం."

"అందుకే నిన్ను పెట్టింది. సహజంగా ఉంటది."

పరీక్ష గదిలో ఫోన్లు కూడదని సబీహా ఫోను అటెండరు బసవమ్మ చేతికి పోయింది. సబీహా కింద పరిచిన తెల్ల దుప్పటి మీద బసవమ్మ సీసాడు గులాబీ షర్బత్ ఒంపింది. పరీక్ష మొదలయ్యే ముందే చీమలు వచ్చేశాయి.

బయటి ఊరి నుంచి పరీక్ష పెట్టడానికి వెంకట్రామయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ప్రశ్న ఏమిటో, బీపీ ఎంత చెప్పాలో సీనియర్ల దగ్గర అందరూ ముందే వల్లె వేసుకొచ్చారు. చేతికి పట్టీ చుట్టడం, బుడ్డి నొక్కడం, గోడ వంక చూస్తూ "తొంభై బై అరవై సార్" అనడం. ఆయన తలూపడం. చీమలు తొడల దాకా ఎక్కినా సబీహా కదల్లేదు. బాధ ముఖంలో కనబడింది. "చానా సహజంగా ఉంది" అని ఆయన మేడంతో మెచ్చుకోలుగా అన్నాడు.

ఐదోవాడు డేవిడ్. ముప్పాళ్ళ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు. వాడు పట్టీ ఒకసారి కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. ముఖం పాలిపోయింది.

"సార్, నూట డెబ్బై బై నూట పది."

"ఏందీ?"

"నూట డెబ్బై సార్. రెండోసారి చూస్తే ఇంకొంచెం ఎక్కువుంది."

"ఒరేయ్, రక్తం కారిపోయే మనిషికి బీపీ పెరుగుద్దంట్రా? ముందు చెవులు శుభ్రం చేయించుకో!"

డేవిడ్ వెళ్ళకుండా వంగి మెల్లగా అడిగాడు. "అక్కా, నిజం చెప్పు. తలనొప్పేమైనా ఉందా?"

ఉందని చెప్పడానికి సబీహా నోరు తెరిచింది. గుమ్మం దగ్గర మేడం వేలెత్తి బెదిరించింది. తలనొప్పి ఆ రెండు మాటల్లో లేదు.

"కళ్ళు తిరుగుతున్నయ్" అంది సబీహా. "రక్తం పోతా ఉంది."

"విన్నావుగా? ఫెయిలు. బయటికి నడువ్."

సరిగ్గా అప్పుడే ఇంట్లో చంటివాడు లేచి గుక్కపట్టాడు. కోడలు ఎంతకీ రాకపోయేసరికి అక్తర్ బేగం ఫోను చేసింది. బసవమ్మకు అబద్ధమాడే అలవాటు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఆ పిల్లా? మంచం మీద ఉందమ్మా. రక్తం పోతా ఉంది. ఇప్పుడు మాట్లాడకూడదు. ఐదుగురు చూశారు, నలుగురు బాగానే చేశారు, ఒకడు ఫెయిలు. ఇంకా ముగ్గురు చూడాల."

"యా అల్లా! ఎక్కడమ్మా?"

"మన నర్సింగు కాలేజీలోనే."

అక్తర్ బేగం చంటివాణ్ణి చంకనేసుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటి పెదకోటయ్య ఆటో తీసి వెనకాలే వచ్చాడు. కాలేజీ మెట్లు ఎక్కి, అడ్డొచ్చిన బసవమ్మను పక్కకు తోసి, ఆమె పరీక్ష గదిలోకి దూసుకొచ్చింది. ఎర్రటి దుప్పటి చూసింది. ఆ కేకకు గోడ మీద బల్లి కింద పడింది.

"ఏమే సబీహా! ఎంత రక్తం పోయిందే! మనిషి పోతుంటే ఈయనెవరే, కుర్చీలో కూర్చుని రాసుకుంటన్నాడు?"

వెంకట్రామయ్య ముఖం వెలిగింది. "మేడం, బంధువుల గొడవ కూడా పెట్టారే! చెప్పనేలేదు!" అన్నాడు. ఎవరు పెట్టారో మేడంకి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక చిన్నగా నవ్వింది.

ఆ సమయానికి లోపలున్న అమ్మాయి పాఠం బాగా చదివింది. రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. దయచేసి ఇక్కడ కూర్చోండి" అంది.

"నీ కూర్చోబెట్టడం మీద మన్నుబొయ్య! డాక్టర్ని పిలవ్వే!"

"డాక్టరు గారు దారిలో ఉన్నారమ్మా. ధైర్యంగా ఉండండి."

"భేష్" అని వెంకట్రామయ్య పూర్తి మార్కులు వేశాడు.

సబీహా గబగబా లెక్క వేసుకుంది. నిజం చెబితే అబద్ధం చెప్పి చిల్లా తప్పిన సంగతి బయటపడుతుంది. పరీక్షా పాడవుతుంది, పనీ పోతుంది. అత్త భుజాలు పట్టుకుని కుదుపుతోంది. "పలకవే! ఏమైందే?"

"కళ్ళు తిరుగుతున్నయ్" అంది సబీహా. "రక్తం పోతా ఉంది."

అది విని అక్తర్ బేగం గుండెలు బాదుకుంది. చంకలో వాడు బిగుసుకుపోయి ఏడ్చాడు. ఆ ఏడుపుకు సబీహా జాకెట్టు పాలతో తడిసిపోయింది. ఇక ఆగలేక వాణ్ణి అందుకోవడానికి లేచింది. గది గిర్రున తిరిగింది. మిణుగురులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఆమె మంచం మీద నుంచి నేలమీదికి బోర్లా పడిపోయింది.

"ఇది ప్రశ్నలో లేదే" అని వెంకట్రామయ్య కాగితాలు తిరగేశాడు.

వరండాలో ఫెయిలై కూర్చున్న డేవిడ్ లోపలికి ఉరికాడు. వాడూ పెదకోటయ్యా కలిసి ఆమెను దుప్పటితో సహా ఆటోలోకి చేర్చారు. వెనకాలే మేడం పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఆగండి! ఇంకా ఇద్దరు పిల్లలున్నారు!"

ప్రభుత్వాసుపత్రిలో ఎర్రటి దుప్పటి చూసి స్ట్రెచరు తెచ్చారు. రక్తం ఎక్కించాలన్నారు. డ్యూటీ డాక్టరమ్మ దుప్పటి తొలగించి వెతికింది. రక్తం లేదు. చీమలున్నాయి. ఆమె దుప్పటి వాసన చూసి తలెత్తింది.

"ఏందమ్మా ఇది, షర్బతా? పెళ్ళి నుంచి తెచ్చారా?"

"బీపీ చూడండి మేడం" అన్నాడు డేవిడ్. "నన్ను తిడితే తిట్టండి, ఒక్కసారి చూడండి."

ఆమె చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత గదిలో అందరి నడకా మారిపోయింది. సూదులు వచ్చాయి, సెలైను వచ్చింది, కళ్ళకు వెలుతురు పడకుండా దీపం ఆర్పేయమన్నారు. కాన్పయ్యాక కొందరికి ఇలా బీపీ పెరుగుతుందని, ఇంకాసేపు ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. "ఎవరు తీసుకొచ్చారో గానీ మంచి పని చేశారు" అంది.

సబీహాకి తెలివి వచ్చి జరిగిందంతా ఏడుస్తూ ఒప్పుకుంది. అక్తర్ బేగం చంటివాణ్ణి తెచ్చి పక్కలో పడుకోబెట్టి, కోడలి కాళ్ళ మీది చీమకాట్లకు కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. తిడితే బాగుండునని సబీహాకి అనిపించింది.

మూడో రోజు మేడం రొట్టె, పళ్ళు పట్టుకుని చూడటానికొచ్చింది.

"డేవిడ్ పాసయ్యాడా మేడం?" అని సబీహా అడిగింది.

"లేదమ్మా. వాడు చెప్పింది నీ బీపీ. మేమడిగింది ప్రశ్నలో మనిషి బీపీ. పైగా కాలేజీ స్టెతస్కోపు మెడలో వేసుకుని పోయాడు, దానికి మెమో ఇచ్చాం."

"మరి నా ఆయా పని?"

మేడం కాసేపు కమలాపండు తొక్క తీసింది. "నిజంగా జబ్బున్న మనిషిని పరీక్షలకి పెట్టుకోలేం సబీహా. లెక్కలన్నీ తప్పుతయ్. నువ్వు ఇంట్లో రెస్టు తీసుకో." ఆ పైన అక్తర్ బేగం వైపు తిరిగింది. "పరీక్ష సారు మాత్రం మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నారో! ఇరవయ్యేళ్ళలో అంత బాగా ఏడ్చినోళ్ళని చూడలేదన్నారు. ఏమ్మా, ఆ ఆయా పనికి మీరు రాకూడదూ?"

అక్తర్ బేగం కోడలి ముఖం చూసింది. మందుల సంచీ చూసింది. "వస్తాను" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున అక్తర్ బేగం గడప దాటుతోంది, సబీహా తలుపు వేసుకుంటోంది. పని లేనప్పుడు మేడం అత్తను క్లాసులో వెనక కూర్చోనిస్తుందట. సాయంత్రం ఆమె చెప్పులు విడవక ముందే సబీహా బిడ్డను భుజానేసుకుని ఎదురెళ్ళి అడుగుతుంది.

"ఈరోజు ఏం పాఠం చెప్పారత్తమ్మా?"

"ఏమోనే" అంటుంది అక్తర్ బేగం, "ఆ ఫ్యాను కింద కూర్చుంటే చానా బాగా నిద్ర పడతది."